అన్ని ఫోన్లలోనూ అత్తయ్యే

ఆ ఇంట్లో ఎవరూ ఏ పనీ చెయ్యనక్కర్లేదు. తెల్లవారగానే గేటు దగ్గర దీపం దానంతటదే ఆరిపోతుంది. పైన ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోతుంది. మాత్ర వేసుకునే వేళయితే అత్తగారి మంచం పక్కన చిన్న డబ్బా ఒకటి కుయ్యి కుయ్యిమని గోల పెడుతుంది, మాత్ర తీస్తే గానీ ఊరుకోదు. వంటింట్లో ఉప్పు డబ్బా మీద ఉప్పు అనీ, పంచదార డబ్బా మీద పంచదార అనీ అచ్చు అక్షరాల్లో అంటించి ఉంటుంది, ఆ ఇంట్లో వాళ్ళెవరికీ నాలుక లేనట్టు.

ఇదంతా కోడలి నిర్వాకం. పాపం, ప్రేమతో చేసిన నిర్వాకమే. నీటి పంపులమ్మే ఒక కంపెనీ ఆఫీసులో కంప్యూటర్లూ, వైర్లూ, వాటి రోగాలూ చూసుకునేది ఆమే. అక్కడ అందరూ ఆమెను వైర్లమ్మ అంటారు. మనిషి మీద ఇష్టం ఉంటే కొందరు నోటితో చెబుతారు, కొందరు కడుపు నిండా పెడతారు. వైర్లమ్మకు ఆ రెండూ చేతకావు. ఇష్టమైన వాళ్ళు వేలు కదిపే పని లేకుండా అన్నీ అమర్చి పెట్టేయడం ఒక్కటే ఆమెకు తెలుసు. అత్తగారంటే ఆమెకు ప్రాణం. అందుకే అత్తగారికి ఒక్క పని కూడా మిగల్చలేదు.

అత్తగారేమో ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్టాండులో టికెట్ కౌంటర్ వెనక కూర్చున్న మనిషి. అద్దంలో పిడికిలి పట్టేంత కన్నం, ఆ కన్నానికి అటువైపు లోకమంతా. ఆవిడ లోకంతో మాట్లాడినవి మూడే మూడు మాటలు. "ఎక్కడికి?" "ఎన్ని?" "తర్వాత!" ఆ మూడు మాటలతోనే పెళ్ళిళ్ళకి పోయేవాళ్ళనీ, పరీక్షలకి పోయేవాళ్ళనీ, మొగుడి మీద అలిగి పోయేవాళ్ళనీ సాగనంపింది. రిటైరయ్యాక కొడుకు దగ్గరికి వచ్చింది. ఇక్కడ ఆవిడను ఎవరూ ఏదీ అడగరు. అన్నీ వాటంతటవే జరిగిపోతుంటే అడగడానికేముంటుంది?

కొడుకు ఆసుపత్రిలో నర్సు. ఒక వారం పగలు డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. ఇంట్లో ఉన్న కాసేపూ అమ్మ వచ్చి "నీ పెళ్ళాం నాతో మాట్లాడదేమిరా" అంటుంది, పెళ్ళాం వచ్చి "అత్తయ్యకి ఇంకేమైనా కావాలేమో అడగండి" అంటుంది. "రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టుంది మీ వరస. నాకు చెప్పే మాటలే ఒకరికొకరు చెప్పుకుంటే నాకు కాస్త నిద్రయినా మిగులుతుంది" అని ఆయన దుప్పటి ముసుగేసుకునేవాడు.

ఇంతలో ఆఫీసుకి కొత్త ఫోన్లు వచ్చాయి. పాత ఫోన్లలో ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరి మాటలు వినబడేవి. కొత్తవి ఇంటర్నెట్ తీగ మీద నడుస్తాయి. వాటిని ఒక్కొక్కదాన్నీ కూర్చుని సర్దక్కర్లేదు. గోడలోని తీగకు తగిలించగానే కొత్త ఫోను చేసే మొదటి పని, పుట్టిన పిల్లలా కళ్ళు తెరిచి "నేనెవరిని?" అని సర్వర్‌ను అడగడం. సర్వర్ దాని వీపు మీదున్న నంబరు పోల్చుకుని "నువ్వు గోడౌన్ ఫోనువి, నీ నంబరు ఇది, నీ బటన్లు ఇవి" అని చెబుతుంది. ఆ చెప్పాల్సిన మాటలన్నీ ముందుగా ఫైళ్ళలో రాసి ఉంచాలి. అన్ని ఫోన్లకీ కలిపి ఒక ఉమ్మడి ఫైలు, ఒక్కో ఫోనుకీ మళ్ళీ ఒక్కో సొంత ఫైలు. ఉమ్మడిలో ఏది రాస్తే అది అందరికీ వర్తిస్తుంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని వైర్లమ్మ రెండు ఫోన్లు ఇంటికి తెచ్చింది. ఇంటి నుంచి కూడా ఆఫీసు సర్వర్‌తో మాట్లాడగలవో లేదో చూడాలి. ఒకటి వంటింటి బల్ల మీద పెట్టింది, రెండోది, పేర్లు పెట్టుకునే బటన్లు లేని చిన్నది, అత్తగారి గదిలో పెట్టింది. వంటింటి ఫోను మొదటి బటన్‌కి "అత్తయ్య" అని పేరు పెట్టి నొక్కింది. లోపల గదిలో ఫోను మోగింది. అత్తగారు తీసింది.

"ఎక్కడికి?"

అలవాటు అలాంటిది. వంటింట్లో కోడలికి నవ్వాగలేదు. "వంటింట్లోంచే అత్తయ్యా. వినబడుతోందా?"

"గోడవతలే కదమ్మాయ్, ఫోను లేకపోయినా వినబడుతుంది. ఏం చేస్తున్నావ్?"

"పప్పు పెట్టాను."

"ఉప్పు వేశావా?"

"డబ్బా మీద రాసుంది అత్తయ్యా."

"రాసుంటే పడుతుందా? చేత్తో వెయ్యాలి."

గోడకి అటూ ఇటూ కూర్చుని ఆ పూట వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నంత అంతకు ముందు నెలంతా కలిపి మాట్లాడుకోలేదు. ఎదురెదురుగా ఉన్నప్పుడు పెగలని నోరు తీగ మీద పెగిలింది. మర్నాడు వంటింటి ఫోను తీసుకెళ్ళి ఆఫీసులో తన బల్ల మీద పెట్టుకుంది. అత్తగారి ఫోను ఇంట్లోనే వదిలేసింది. రోజూ మధ్యాహ్నం బటన్ నొక్కడం, "ఎక్కడికి?" అనిపించుకోవడం, "తిన్నారా?" అని అడగడం. అంతకు మించి ఏం మాట్లాడాలో తోచక పెట్టేసేది.

రోజుకొక్క "తిన్నారా"తో మనిషి ఎన్నాళ్ళు బతుకుతుంది? ఒకరోజు అన్నం తింటూ అత్తగారు తేల్చేసింది. "శనివారం మా చెల్లెలి దగ్గరికి పోతున్నా. టికెట్ తీసుకున్నా."

"మళ్ళీ ఎప్పుడొస్తావమ్మా?" అన్నాడు కొడుకు.

"రానూ టికెట్ తీసుకోలేదు."

రానూ పోనూ కలిపి తీసుకుంటే సుఖం అని లోకానికంతటికీ కౌంటర్‌లో కూర్చుని చెప్పిన మనిషి ఆవిడ. ఆ మాటకి అర్థం ఆ బల్ల దగ్గర కూర్చున్న ముగ్గురికీ తెలుసు. వైర్లమ్మ వెళ్ళొద్దు అందామని నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి వచ్చిన మాట ఏమిటంటే, "కిటికీ పక్క సీటేనా అత్తయ్యా?"

అక్కడితో ఆగినా బాగుండేది. తలుపు దగ్గర పెట్టిన అత్తగారి బ్యాగుకి పేరూ ఫోను నంబరూ అచ్చు వేసి అంటించింది, దారిలో పోతుందేమోనని భయంతో. అత్తగారు ఆ కాగితం చదివి లోపలికి వెళ్ళిపోయింది. ప్రేమగా అంటించిందో, పంపించేయడానికి అంటించిందో చూసేవాళ్ళకి ఎలా తెలుస్తుంది!

శుక్రవారం వచ్చింది. జనం రాకముందే వైర్లమ్మ ఆఫీసంతా తిరిగి ఫోన్లన్నీ తగిలించింది. ఒక్కొక్కటే కళ్ళు తెరిచి, సర్వర్‌ను అడిగి, తన పేరు తాను చెప్పుకుంటుంటే ఆమెకు ఎంత ముచ్చటేసిందో. రిసెప్షన్, అకౌంట్స్, గోడౌన్, పెద్దసారు. ఫోను తెర మీద పైన పేర్లు సరిపోయాయా, నంబర్లు సరిపోయాయా అని చూసుకుంది. కింద మొదటి బటన్ పక్కన ఏముందో చూడలేదు. చూసినా రోజూ తన ఫోనులో కనబడే మాటే కాబట్టి కళ్ళకి ఆనేది కాదు.

పెద్దసారు వస్తూనే ఒక్క మాట చెప్పాడు. "ఎండలు ముదిరాయి, పంపుల గిరాకీ అంతా ఇప్పుడే. పని వేళల్లో ఫోన్లు ఒక్క నిమిషం ఆగినా ఊరుకోను."

"ఆగవు సార్" అంది వైర్లమ్మ ధీమాగా. నిజంగానే ఆగలేదు.

అకౌంట్స్‌లో లెక్కలాయన తన కొత్త ఫోను చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మా అత్తగారి నంబరు కంపెనీ వాళ్ళకి ఎవరిచ్చారు?" అని వణికిపోయి ఫోను మొహం గోడ వైపు తిప్పేశాడు. గోడౌన్ పెద్దాయన అంత పిరికివాడు కాదు. ఏమిటో చూద్దామని నొక్కాడు. రిసెప్షన్ అమ్మాయి పొరపాటున వేలు తగిలి నొక్కింది. ఒకరిని చూసి ఒకరు నొక్కారు.

టీ వేళకి వైర్లమ్మకు ఇల్లు గుర్తొచ్చింది. ఇదే ఆఖరి రోజు కదా, ఇవాళైనా "తిన్నారా" కాకుండా ఇంకో మాట మాట్లాడాలి అనుకుని బటన్ నొక్కింది. ఎంగేజ్. కాసేపాగి నొక్కింది. మళ్ళీ ఎంగేజ్. ఆవిడకి ఫోను చేసేది ఈ లోకంలో తానొక్కతే, మరి ఎంగేజ్ ఎలా వస్తుంది? రిసీవర్ కింద పడిపోయిందా? దానితో పాటు మనిషి కూడా పడిపోయిందా? మొగుడికి చేద్దామని సెల్‌ఫోను తీస్తుండగా రిసెప్షన్ అమ్మాయి తలుపు దగ్గరికి వచ్చింది.

"మేడమ్, ఆ అత్తయ్యగారు ఎవరండీ? భలే చెప్పారు."

"ఏ అత్తయ్యగారు?"

"అదే, అందరి ఫోన్లలో పెట్టారుగా. పొద్దున ఒక కస్టమర్ నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. ఏడుస్తూ ఫోను పెడుతుంటే ఆ బటన్ నొక్కుకుంది. ఎక్కడికి అన్నారావిడ. ఎక్కడికైనా పారిపోవాలనుందండీ అన్నాను. పారిపోకు, అరిచేవాడికి టికెట్ ముందు చేతిలో పెట్టు, వాడే పోతాడు అన్నారు. తర్వాత ఇంకోడు అరిచాడు. ముందు వాడి పంపు సంగతి చూశాను. నిజంగానే థాంక్స్ చెప్పి పెట్టేశాడు!"

వైర్లమ్మ సర్వర్‌లో ఉమ్మడి ఫైలు తెరిచి చూసింది. మొదటి బటన్, అత్తయ్య. ఆనాడు ఇంట్లో పరీక్షించినప్పుడు బటన్లున్న ఫోను ఒక్కటే కదా, తర్వాత మారుద్దాంలే అని సొంత ఫైలులో రాయాల్సింది ఉమ్మడిలో రాసి పడేసింది. మారుద్దామన్నది మరిచిపోయింది. అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. ఈ కోడలు ఏకంగా అత్తనే దానం చేసేసింది, అదీ మూడు అంతస్తుల ఆఫీసుకి.

కుడితిలో పడ్డ ఎలుకలా అయింది ఆమె పరిస్థితి. ఉమ్మడి ఫైలు మారిస్తే ఫోన్లన్నీ ఒక్కసారి ఆగి మళ్ళీ లేస్తాయి, పెద్దసారు ఊరుకోడు. మార్చకపోతే ఇంటి దగ్గర ఆ పెద్దావిడను ఆఫీసంతా పీక్కుతింటుంది. అసలే రేపు పోతానంటున్న మనిషి, ఈ గోల భరించలేక ఇవాళే పోతుంది. ఇంకో దారి ఉంది. ఇంట్లో ఫోను ఒక్కదాన్నీ ఇక్కడి నుంచే ఆపేయొచ్చు, ఒక్క నొక్కుతో. ఆమె తెర మీద ఇంటి ఫోను వెతికి పట్టుకుంది.

ఆమె గదికీ గోడౌన్‌కీ మధ్య చెక్క అడ్డు మాత్రమే. సరిగ్గా అప్పుడే అవతల గోడౌన్ పెద్దాయన స్పీకర్ పెట్టి మాట్లాడటం వినబడింది. రెండు చేతులతో పంపు పెట్టెలు సర్దుతూ మాట్లాడటం ఆయనకు అలవాటు.

"ఎక్కడికి?"

"మళ్ళీ నేనేనండి, గోడౌన్."

"కూతురికి జ్వరమన్న ఆయనేనా? ఇంకా అక్కడే ఉన్నావేం నాయనా? సెలవు అడగలేదా?"

"అడుగుదామనే సారు గది దాకా వెళ్ళానండి. లోపల ఎవరో ఉన్నారని తిరిగొచ్చేశా."

"లోపల ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటారు. కౌంటర్ ఖాళీ అయ్యాక అడుగుదామని నించుంటే బస్సు కాస్తా పోతుంది. వెళ్ళి తలుపు తట్టు. అడగందే అమ్మయినా పెట్టదు. తర్వాత!"

ఆ గొంతులో ఎంత హుషారు! ఇంట్లో ఎప్పుడూ "ఊఁ", "సరే", "పెట్టు" అనే గొంతేనా ఇది? పెళ్ళయిన కొత్తలో ఒకసారి కౌంటర్‌కి అన్నం క్యారేజీ తీసుకెళ్ళినప్పుడు విన్న గొంతు అది. అద్దం వెనక రాణిలా కూర్చుని అరుస్తుంటే కొత్త కోడలు భయపడి, తర్వాత మురిసిపోయింది. ఆ మనిషిని తెచ్చి ఇంట్లో కూర్చోబెట్టి, ఆవిడ నోట్లోంచి ఆ మూడు మాటలూ తీసేసింది ఎవరు? వైర్లమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది.

కాసేపటికి పెద్దసారు పిలిచాడు. తేలు కుట్టిన దొంగలా వెళ్ళి నిలబడింది.

"మీ అత్తయ్యగారితో మాట్లాడాను" అన్నాడాయన. "ఇదేం తమాషా అని నేనే నొక్కాను. నేనెవరో తెలుసా అన్నాను. తెలీదు, ముందు ఎక్కడికో చెప్పండి, మీ వెనక జనం ఉన్నారు అన్నారావిడ."

"క్షమించండి సార్. నా పొరపాటే."

"గోడౌన్ ఆయన ఇప్పుడే వచ్చి సెలవడిగి వెళ్ళాడు. ఇన్నేళ్ళలో ఆ మనిషి నన్ను నోరు తెరిచి ఏదైనా అడగడం ఇదే." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సాయంత్రం ఆఫీసు మూశాక ఆ బటన్ తీసెయ్యండి. ముందు మాత్రం వద్దు. ఫోన్లు ఆగకూడదు."

సాయంత్రం అందరూ వెళ్ళాక ఆమె ఉమ్మడి ఫైలులోంచి అత్తయ్యను తీసేసింది. తీసి, తన ఫోను సొంత ఫైలులో రాసుకుంది. మొదటి నుంచీ ఉండాల్సిన చోటు అదే. ఆఫీసంతా ఫోన్లు ఒక్కసారి చీకటైపోయి మళ్ళీ లేచి "నేనెవరిని?" అని అడిగాయి. తన ఫోనును పెట్టెలో సర్దుకుని, సంచిలో వేసుకుని ఇంటికి బయల్దేరింది. ఎదురుగా నిలబడితే నోరు పెగలని మనిషికి తీగే దిక్కు.

ఇంట్లో అత్తగారు మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. గొంతు బొంగురు పోయింది. బ్యాగు తలుపు దగ్గర ఉన్నచోటే ఉంది, కాగితంతో సహా.

"ఉన్నట్టుండి అన్నీ ఆగిపోయాయి. కౌంటర్ మూసేశావా?" అంది అత్తగారు.

"సార్ మూసెయ్యమన్నారు అత్తయ్యా."

అత్తగారు కాళ్ళు ముడుచుకుని ముందుకు జరిగింది. "ఒకటడుగుతా, నిజం చెప్పు. పనీపాటా లేని ముసల్దని జాలిపడి, నలుగురి చేత ఫోన్లు చేయించావా? పోయేముందు నాకో ఆట కల్పించావా?"

"అయ్యో, కాదత్తయ్యా. పొరపాటైంది. ఒక్క ఫోనులో రాయాల్సింది అన్ని ఫోన్లలోనూ పడింది."

"పొరపాటా?"

"అవును."

"నువ్వా?"

"నేనే."

అత్తగారు ఆమెను ఎగాదిగా చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. బొంగురు గొంతుతో, పొట్ట పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఉప్పు డబ్బా మీద ఉప్పని రాసుకునే దానివి, నువ్వు పొరపాటు చేశావా! అబ్బ, ఎంత చల్లటి మాట చెప్పావే! ఈ ఇంట్లో నీ వల్ల ఒక్క తప్పూ జరగదు, నా వల్ల ఒక్క పనీ జరగదు. ఇంకెందుకు ఇక్కడ, పోదామనుకున్నా."

ఇప్పుడు చెప్పాలి. ఇంతకంటే మంచి అదను దొరకదు. వైర్లమ్మ నోరు తెరిచింది. "అన్నం పెట్టనా అత్తయ్యా?" అంది.

తన నోటిని తానే తిట్టుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. సంచిలోంచి ఫోను తీసి తగిలించింది. అది కళ్ళు తెరిచి, తానెవరో తెలుసుకుని, మొదటి బటన్ పక్కన పేరు చూపించింది. నొక్కింది. లోపల గదిలో మోగింది.

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు అత్తయ్యా. ఒక టికెట్ రద్దు చేయించాలి."

"ఎవరిది?"

"మీది. రేపటిది." ఈసారి నోటిని ఆగనివ్వలేదు. "మీరు వెళ్ళొద్దు. నాకు మీరు కావాలి. ముందే అనాల్సింది, చేతకాలేదు. అడగందే అమ్మయినా పెట్టదని గోడౌన్ ఆయనతో మీరే అన్నారుగా, అందుకే అడుగుతున్నా."

మాత్ర వేళయినట్టుంది, గోడవతల డబ్బా కుయ్యి కుయ్యిమంటోంది. ఎవరూ దాని మాట వినలేదు.

"ముందు రోజు రద్దు చేస్తే సగమే తిరిగిస్తారు" అంది చివరికి అత్తగారు.

"పోనివ్వండి."

"పోనివ్వడానికి అది నా పెన్షనమ్మాయ్." ముక్కు ఎగబీల్చిన చప్పుడు రిసీవర్‌లోంచీ గోడలోంచీ రెండు వైపులా వినబడింది. "ఈ కుయ్యి డబ్బా రేపే తీసెయ్యి. మాత్ర సంగతి నాకు గుర్తుంటుంది. మోటారు కూడా నేనే ఆపుతా."

"ట్యాంకు పొంగితే?"

"పొంగనీ. సోమవారం ఆ గోడౌన్ ఆయన్ని అడుగు, కూతురికి ఎలా ఉందో. మరిచిపోకు."

"మరిచిపోను."

"ఇంకేం?"

"అంతే అత్తయ్యా."

"తర్వాత!" అంది అత్తగారు.

అంది గానీ ఫోను పెట్టలేదు. వెనక క్యూలో ఎవరూ లేరు.